అర మిల్లీమీటరు కరువు

జొనాథన్ వైనర్ రాసిన ‘ది బీక్ ఆఫ్ ది ఫించ్’ 1994లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. జీవపరిణామం గురించి మామూలు పాఠకుల కోసం రాసిన పుస్తకాల్లో దీన్ని పైవరసలో పెడతారు. ముప్పై ఏళ్ళ పాత పుస్తకాన్ని ఇప్పుడు ముందుకు తేవడానికి నాకో కారణం ఉంది. మాది సి.బెళగల్. కర్నూలుకు పడమట, తుంగభద్ర ఒడ్డున ఉన్న మండలం. నది పక్కనే పారుతున్నా వాన కోసం మొగులు చూసే చేలు. ఎమ్మిగనూరు, ఆదోని దాకా ఇదే కథ. అక్కడ పెరిగినవాడికి ఈ పుస్తకం సైన్సు పుస్తకం కంటే ముందు కరువు పుస్తకంలా కనబడుతుంది. అట్లా చదివితే ఇందులో ఏం దొరుకుతుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పాలని ఈ వ్యాసం.

పసిఫిక్ సముద్రంలో, గాలపగోస్ దీవుల మధ్య, డాఫ్నీ మేజర్ అని ఒక చిన్న దిబ్బ ఉంది. అర చదరపు కిలోమీటరు కూడా ఉండదు. నాగజెముడు, ముళ్ళకంపలు, రాళ్ళు. మనుషులుండరు. 1973లో పీటర్ గ్రాంట్, రోజ్‌మరీ గ్రాంట్ అనే శాస్త్రవేత్తల జంట అక్కడ పని మొదలుపెట్టింది. ఏటా వెళ్ళారు. తమ విద్యార్థుల్నీ తీసుకెళ్ళారు. దీవి మీది ఫించ్ పిట్టల్ని (మన పిచ్చుకలంత ఉంటాయి) వలల్లో పట్టి, ముక్కు పొడవు, ముక్కు మందం, రెక్క, కాలు, బరువు కొలిచి, కాళ్ళకు రంగు కడియాలు తొడిగి వదిలిపెట్టారు. ఏది ఎవరి బిడ్డ, ఏది ఎవరితో జతకట్టింది, ఏది ఎప్పుడు కనబడకుండా పోయింది, అంతా రాసుకున్నారు. ఒక ఊరి కరణం లెక్కలు ఇంత నిక్కచ్చిగా ఉండవు.

ఇదంతా ఎందుకంటే, ఈ దీవులకు 1835లో వచ్చిన డార్విన్ ఈ పిట్టల సంగతి అప్పటికప్పుడు పట్టించుకోలేదు. ఏ పిట్ట ఏ దీవిలో దొరికిందో కూడా సరిగ్గా రాసుకోలేదు. అవన్నీ ఒకే కుటుంబానికి చెందిన వేరువేరు జాతులని ఆయనకు 1837లో లండన్‌లో జాన్ గౌల్డ్ చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆయన ప్రకృతి వరణం సిద్ధాంతం రాశాడు కానీ, అది ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే ఒక మనిషి జీవితకాలంలో కళ్ళారా చూడలేమనుకున్నాడు. గ్రాంట్ దంపతులు చూశారు. అదీ ఒక్క కరువులో.

1977. వానాకాలంలో 24 మిల్లీమీటర్ల వాన పడింది, అంతే. మెత్తటి చిన్న గింజలు ముందు అయిపోయాయి. మిగిలినవి ట్రిబ్యులస్ అనే నేలపాకుడు మొక్క కాయలు. గట్టి పెంకు, దానికి ముళ్ళు. మధ్యరకం నేల ఫించ్‌లలో ముక్కు మందంగా ఉన్నవే వాటిని పగలగొట్టగలిగాయి. ఏడాది తిరిగేసరికి నూటికి 85 పిట్టలు చచ్చిపోయాయి. మిగిలిన వాటి ముక్కు సగటు మందం కరువుకు ముందున్న సగటు కంటే సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. వాటికి పుట్టిన పిల్లలకూ మందమైన ముక్కులే వచ్చాయి. పుస్తకానికి గుండెకాయ ఇదే.

ట్రిబ్యులస్ పేరు దగ్గర నేను ఆగిపోయాను. అది మన పల్లేరుకు దగ్గరి చుట్టం. డాఫ్నీ మీద ఉన్నది ట్రిబ్యులస్ సిస్టాయిడిస్, మా చేలగట్ల మీద, బండిబాటల్లో కాళ్ళకు గుచ్చుకునేది ట్రిబ్యులస్ టెర్రెస్ట్రిస్. చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళెవరికైనా ఆ కాయ ఆకారం అరికాలికి గుర్తుంటుంది. అమెరికా పాఠకుడికి వైనర్ ఆ కాయను ఓపిగ్గా వర్ణించాలి. దాన్ని పగలగొట్టడానికి ఎంత బలం కావాలో కొలిచే పనిముట్టు గురించి చెప్పాలి. మనకు ఒక్క మాట చాలు. అది తిని బతకాల్సి వస్తే ఎట్లుంటుందన్నది మన ఊహకు వెంటనే అందుతుంది.

రాయలసీమ కథల్లో కరువుకు లోటు లేదు. సింగమనేని నారాయణ సంపాదకత్వంలో వచ్చిన ‘సీమ కథలు’ తీసినా, ఆయన సొంత కథలు తీసినా, ఎండిన బావి, వేరుశనగ, అప్పు, అమ్ముడుపోయే ఎద్దులు, ఊరొదిలే మనుషులు ఉంటారు. ఉండాలి కూడా. అక్కడ కరువు ఒక అన్యాయం. దానికి కారకులున్నారు, నీళ్ళు మళ్ళించుకున్నవాళ్ళున్నారు. వైనర్ పుస్తకంలో కరువుకు కారకులు లేరు. అక్కడ కరువు ఒక జల్లెడ. ఏ కన్నం ఎంత సైజో, దాంట్లోంచి ఎవరు జారిపోయారో, ఎవరు నిలిచారో మిల్లీమీటర్లలో చెబుతాడు. ‘అందరూ బాధపడ్డారు’ అన్న మాటతో ఆగకుండా ‘ఎవరు, ఎందుకు, ఎంత తేడాతో’ అని అడగడం మన కరువు కథల్లో నాకు తక్కువగా కనబడిన గుణం. ఇది కథకుల మీద ఫిర్యాదు కాదు. ఇంకో వైపు నుంచి వచ్చిన పుస్తకం మనకు ఏమివ్వగలదో చెప్పడం మాత్రమే.

అసలు సంగతి ఇప్పుడు. పక్షుల గురించి మాట వస్తే మా చిన్నాయన అనేది ఒకటే. “అవేం మన మాదిరి కాదప్పా, అలవాటు పడతాయి.” ఆయనే కాదు, చదువుకున్నవాళ్ళూ అంటారు. టవర్లు వచ్చినా, మందులు కొట్టినా, బీడు దున్నినా, ‘ప్రకృతి అలవాటు పడుతుంది.’ ఇంగ్లిష్‌లో అడాప్ట్ అనే మాటకు తెలుగులో మనం వాడే మాట ఇదే. ఈ పుస్తకం చదివాక ఆ మాట ఎంత మోసం చేస్తుందో తెలుస్తుంది. అలవాటు పడటం అనేది ఒక ప్రాణి బతికుండగా చేసే పని. కొత్త చెప్పు కరుస్తుంది, నాలుగు రోజులకు అలవాటవుతుంది. కానీ 1977లో డాఫ్నీ మీద ఒక్క ఫించ్ ముక్కు కూడా పెరగలేదు. ఏ పిట్టా దేనికీ అలవాటు పడలేదు. సన్నముక్కు పిట్టలు చచ్చాయి, మందముక్కువి మిగిలాయి. అందుకే సగటు మారింది. డేటాతో పనిచేసేవాళ్ళకు ఇది తెలిసిన వ్యవహారమే. సగటు పెరిగిందంటే ఎవరో ఎదిగారనే కాదు, కిందివాళ్ళు లిస్టులోంచి పోయారని కూడా కావచ్చు. ‘అలవాటు’ అన్న మాట ఆ పోయినవాళ్ళను కనబడకుండా చేస్తుంది.

‘పరిణామం’ అనే మాటతోనూ ఇబ్బంది ఉంది. పరిణతి అన్న అర్థం దాని వెనకాలే వస్తుంది. ఏదో పచ్చిగా ఉన్నది పండినట్టు, మెట్లెక్కుతున్నట్టు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివాళ్ళు తెలుగులో ఈ విషయాలు తేటగా రాశారు కాబట్టి సరిపోయింది గానీ, మాట మాత్రం అడుగడుగునా అడ్డం పడుతూనే ఉంటుంది. డాఫ్నీ మీద మెట్లేం లేవు. 1982 చివర ఎల్‌నినో వచ్చింది. ఆ దిబ్బ మీద 1,300 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. తీగలు అల్లుకున్నాయి, చిన్న గింజలు కుప్పలు పడ్డాయి. తర్వాతి ఎండుకాలంలో ఈసారి పెద్ద ముక్కులవి దెబ్బతిన్నాయి. చిన్న ముక్కులవి నెగ్గాయి. జల్లెడ తిరగబడింది. ఈ భాగం చదువుతుంటే నాకు 2009 గుర్తొచ్చింది. ఆ ఏడాది వానల్లేక విత్తనాలు ఎండిపోయాయనుకుంటే, అక్టోబరు 2న తుంగభద్ర వచ్చి కర్నూలునూ నది ఒడ్డు ఊళ్ళనూ ముంచింది. ఒకే ఏడాదిలో రెండు తీర్పులు.

పుస్తకం వచ్చిన తర్వాత జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఎల్‌నినో వానలప్పుడు పెద్ద నేల ఫించ్‌లు డాఫ్నీకి వచ్చి స్థిరపడ్డాయి. పల్లేరు లాంటి ఆ కాయలు వాటికి సులువు. 2003-2004లో మళ్ళీ కరువు వచ్చినప్పుడు ఆ కాయల్ని అవే తినేశాయి. దాంతో మధ్యరకం వాటిలో పెద్ద ముక్కున్నవి చచ్చి, చిన్న ముక్కున్నవి మిగిలాయి. అదే దీవి, అదే కరువు, 1977కు సరిగ్గా ఎదురు ఫలితం. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. వైనర్ పదేళ్ళు ఆగి రాసుంటే పుస్తకం ఇంకా గొప్పగా ఉండేదేమో. అయితే ముందు పుస్తకం రాకపోతే ఆ పదేళ్ళ సంగతి మనలాంటి వాళ్ళం పట్టించుకునేవాళ్ళమూ కాదు.

ఇంత చదివాక పాఠకుడికి ఒక ధైర్యం వస్తుంది. ప్రకృతి ఇంత వేగంగా మారగలదా! అయితే భయం లేదన్నమాట. పుస్తకం ఊపు కూడా అటే లాక్కెళ్తుంది. పరిణామం నెమ్మది కాదు, మన కళ్ళముందే, ఈ గంటలోనే జరుగుతోందని వైనర్ పదే పదే అంటాడు. నా అభ్యంతరం ఆ ఊపుతోనే. ఆ వేగం ఎవరికి ఉందో, ఎవరికి లేదో చూడటానికి గాలపగోస్ పోనక్కర్లేదు.

మొదట వేగం ఉన్నవాళ్ళు. చివరి అధ్యాయాల్లో వైనర్ అమెరికా పత్తి చేలకు వస్తాడు. అక్కడి కాయతొలుచు పురుగు మందుల్ని ఎట్లా తట్టుకుందో చెబుతాడు. నన్నడిగితే పుస్తకంలో తెలుగువాళ్ళు మొదట చదవాల్సిన అధ్యాయం అది. దాని దాయాది శనగపచ్చ పురుగు మన దగ్గర సింథటిక్ పైరిథ్రాయిడ్లను తట్టుకోవడం మొదలుపెట్టింది. 1987-88లో కోస్తాలో పత్తి రైతులు మందు మీద మందు కొట్టి, అప్పుల్లో మునిగి, అదే మందు తాగి చనిపోయారు. మనం దాన్ని నకిలీ మందుల కథగా, అప్పుల కథగా, మార్కెట్ కథగా చదువుకున్నాం. అవన్నీ నిజమే. అది ప్రకృతి వరణం కథ కూడా. మందు కొట్టిన ప్రతిసారీ రైతు తనకు తెలియకుండా డాఫ్నీ కరువును సృష్టించాడు. తట్టుకోలేనివి చచ్చాయి, తట్టుకున్నవి గుడ్లు పెట్టాయి.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అప్పుడు 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు, బీటీ కాని విత్తనం. చేను చుట్టూ వేయమని. పురుగులు కొన్ని అక్కడ బతికి, బీటీని తట్టుకున్న వాటితో జతకట్టి, ఆ గుణాన్ని పలచబరుస్తాయని లెక్క. జీవపరిణామ శాస్త్రం కర్నూలు జిల్లా రైతు చేతికి నేరుగా అందింది బహుశా ఆ చిన్న ప్యాకెట్ రూపంలోనే. ఎందుకిచ్చారో అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు తక్కువ. పురుగు కోసం పంట వేయమంటే ఎవరు వేస్తారు? చాలామంది పారేశారు. తర్వాత గులాబీరంగు పురుగు బీటీని దాటేసింది. ఆదోని మార్కెట్టుకు వచ్చే పత్తిలో ఆ పురుగు తొలిచిన గుడ్డికాయల పత్తి ఎంతో ఏ రైతునడిగినా చెబుతాడు.

ఇక వేగం లేనివాళ్ళు. కర్నూలు మీదుగా నందికొట్కూరు వైపు పోతే మిడుతూరు మండలంలో రోళ్ళపాడు ఉంది. ఇప్పుడది నంద్యాల జిల్లా. అక్కడి గడ్డిబీళ్ళలో బట్టమేక పిట్ట ఉండేది. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు, ఎగిరే పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి అక్కడ దాన్ని అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. కలివికోడికి ఒక కథ ఉంది. 1900 తర్వాత కనబడకుండా పోయి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అందుకే దాని గురించి తెలుగులో అంతో ఇంతో రాశారు. బట్టమేకకు అట్లాంటి మలుపు లేదు. కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. రోళ్ళపాడులో దాన్ని చూశామన్న మాట వినడమే ఇప్పుడు అరుదు. దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని అంచనా.

దీన్ని డాఫ్నీ లెక్కలో పెట్టి చూడండి. ఫించ్ వానలు బాగుంటే ఒకే కాలంలో నాలుగైదు సార్లు గుడ్లు పెట్టగలదు. 1983లో ఆ సీజన్లో పుట్టిన పిల్లలే ఆ సీజన్లోనే మళ్ళీ గూడు కట్టాయి. బట్టమేక ఏడాదికి మామూలుగా ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. కుక్క తొక్కొచ్చు, గొర్రెల మంద తొక్కొచ్చు, నక్క తినొచ్చు. నూటికి 85 పోయినా ఫించ్‌లు తేరుకున్నాయి. 150లో 85 శాతం పోతే మిగిలేవి 22. జల్లెడ పట్టడానికి గింజలుండాలి కదా. పైగా ఆ గింజల్లో తేడాలు ఉండాలి. బట్టమేకల్లో జన్యు వైవిధ్యం చాలా తక్కువని 2011లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఎంచుకోవడానికి ఏమీ లేనప్పుడు వరణం ఏం చేస్తుంది?

కరెంటు తీగల సంగతి ఇంకా ఘోరం. ఈ జాతి పక్షుల కళ్ళు తలకు పక్కలకు ఉంటాయి. గడ్డిలో నాలుగు వైపుల నుంచి వచ్చే ప్రమాదాన్ని చూడటానికి లక్షల ఏళ్ళలో అట్లా కుదిరాయి. ఎగిరేటప్పుడు నేలవైపు చూస్తే ఎదురుగా ఏముందో దానికి ఆనదు. ఎదురుగా ఆకాశంలో అడ్డం ఉంటుందని దాని పూర్వీకులెవరికీ అనుభవం లేదు మరి. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగల్ని భూమిలో వేయమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, ఒక నిపుణుల కమిటీ వేసింది. కాపాడాల్సిన రెండో వైపు సోలార్ కరెంటు ఉంది, అదీ కావాల్సిందే. జైసల్మేర్ దగ్గర గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. మంచి పని. కానీ ఆ పిల్లల్ని రేపు ఎక్కడ వదులుతారు?

పుస్తకం జవాబు చెప్పలేని చోటు ఇదే. డాఫ్నీ మీద మనిషి లేడు. ఆ దిబ్బకు పట్టా లేదు, పంట లేదు, పక్కచేను లేదు. అందువల్లే అక్కడ కొలతలు అంత శుభ్రంగా వచ్చాయి. ఆ శుభ్రతే వైనర్‌కు అందంగా కనబడింది. ఆ అందాన్ని ఆయన పట్టుకున్నాడు కూడా. రోళ్ళపాడులో అట్లా కాదు. గడ్డిని కాపాడారు, పిట్ట పెరగలేదు గానీ కృష్ణజింకలు పెరిగాయి. మందలు చేలల్లో పడ్డాయి. ఆదోని, ఆలూరు వైపు కూడా జింకలు రాత్రికి రాత్రే మొలకలు మేసిపోతే, రైతు మళ్ళీ విత్తనం కొనాలి. రాత్రుళ్ళు కావలి పండుకునేవాడికి వన్యప్రాణి సంరక్షణ అన్న మాట ఎట్లా వినబడుతుందో ఊహించడం కష్టం కాదు. గడ్డినేలకు మన రికార్డుల్లో ఉన్న పేరు కూడా చూడండి. బంజరు. అంటే ఎవరికీ పనికిరానిది, ఎవరికైనా ఇచ్చేయదగ్గది. అడవి నరికితే అరుస్తాం. బీడు దున్నితే అభివృద్ధి అంటాం. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినప్పుడు నాతో సహా అందరం ఫొటోలు దిగాం. ఆ నేల మీద అంతకుముందు ఏ పిట్టలు తిరిగేవని అడిగినవాళ్ళు ఎందరు?

రచనగా పుస్తకంలో లోపాలు కొన్ని ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. డార్విన్‌ను అవసరానికి మించి పిలుస్తాడు. సూక్తులు ఎక్కువ. గ్రాంట్ దంపతుల మీద ప్రేమ కొన్నిచోట్ల భక్తి దాకా వెళ్తుంది. వాళ్ళు ఒకరి మీద ఒకరు విసుక్కున్న సందర్భం ఒకటైనా ఉంటే బాగుండుననిపించింది. చివరి మూడో వంతులో ఉదాహరణలు దండిగా వచ్చిపడి డాఫ్నీ మీద కట్టుకున్న ఏకాగ్రత చెదురుతుంది, ఆ పత్తి అధ్యాయం తప్ప. మంచి పేజీలు మాత్రం చాలా మంచివి. ఎండలో రాయి మీద కూర్చుని, చేతిలో పిట్ట, చెవిలో పెన్సిలు, ముక్కుకు కొలబద్ద పెట్టి అంకె రాసుకునే మనుషుల్ని చూపించేటప్పుడు ఆయన వాక్యం దిగుతుంది, తగ్గుతుంది, దారి ఇస్తుంది.

ఇంగ్లిష్ నాన్‌ఫిక్షన్ అలవాటు లేనివాళ్ళు మొత్తం చదవలేకపోతే 1977 కరువు అధ్యాయాలు, ఎల్‌నినో అధ్యాయం, పత్తి పురుగు అధ్యాయం చదివితే సరిపోతుంది. ఎవరైనా దీన్ని తెలుగు చేయడానికి పూనుకుంటే వాళ్ళకు నాదొక విన్నపం. అడాప్ట్ అన్న చోటల్లా ‘అలవాటు పడ్డాయి’ అని రాయకండి. చాలా చోట్ల ‘మిగిలాయి’ అంటే సరిపోతుంది, కొన్ని చోట్ల ‘చచ్చిపోగా మిగిలాయి’ అనాలి. ట్రిబ్యులస్‌కు ఫుట్‌నోట్ అక్కర్లేదు. పల్లేరు అని రాస్తే సీమలోనే కాదు, తెలుగు నేల మీద చెప్పుల్లేకుండా నడిచిన ఎవరికైనా తెలుస్తుంది.